స్క్రూ కన్వేయర్ లాగేసిన చెయ్యి: ఒక జిన్నింగ్ మిల్లు పరిహారం కేసు

ఈ కేసులో మొదటి నాలుగు నెలలు నేను తప్పు దారిన నడిచాను. ఆ దారిలో చేతికి వచ్చిన ఒక కాగితమే తర్వాత కేసును నిలబెట్టింది. లేబర్ ఆఫీసుల్లో పరిహారం కేసులు నడిపే జూనియర్ వకీళ్లకీ, యూనియన్ వాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను. ఊరు, మిల్లు, మనుషుల పేర్లు తీసేశాను. ప్రమాదం 2021లో జరిగింది కాబట్టి, వేరే చట్టం పేరు చెప్పిన చోట తప్ప, ఇక్కడ సెక్షన్లన్నీ 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టానివి. 2025 నవంబరు 21 నుంచి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో సెక్షన్ల నంబర్లు వేరుగా ఉంటాయి, చూసుకోండి.

నేపథ్యం

తెలంగాణలో పత్తి పండే జిల్లా. దీపావళి దాటగానే పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లులు మొదలవుతాయి, ఎండాకాలం వచ్చేసరికి మూతపడతాయి. మిల్లు పర్మినెంటు ఉద్యోగులంటే గుమాస్తా, ఫిట్టరు, వాచ్‌మన్, మరో నలుగురైదుగురు. మిగతా పనంతా గుంపు మేస్త్రీ తెచ్చే ఆడవాళ్లే చేస్తారు. హాజరు పుస్తకంలో వాళ్ల పేర్లుండవు. మేస్త్రీ జేబులోని నోట్‌బుక్కే వాళ్ల మస్టర్.

చెయ్యి పోగొట్టుకున్న నా క్లయింటు ఆ ఆడవాళ్లలో ఒకరు. ఆమెకు అప్పటికి 35 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. వానాకాలం నాట్లు, కలుపు, ఆ తర్వాత పత్తి ఏరడం, సీజన్లో మిల్లు. ఆ ఏడాది దీపావళి మర్నాడు పనిలో చేరింది. రోజుకు 400 రూపాయలు, సెలవు లేకుండా వారమంతా పని. జిన్నుల కింద పడిన గింజలను బయటికి తోసుకుపోయే స్క్రూ కన్వేయర్ పక్కన ఊడ్చి, చెదిరిన గింజలను మళ్లీ అందులోకి నెట్టడం ఆమె పని.

చూడనివాళ్ల కోసం చెప్పాలి. నేల మట్టంలో పొడవాటి ఇనుప కాలువ, అందులో తిరిగే పెద్ద మర. పైన మూత ఉండాలి. ఇక్కడ సీజన్ మొదలైనప్పటి నుంచీ మూత లేదు. "మూత పెడితె గింజలు యాడ అడ్డం పడ్డయో కనపడది సారూ, అందుకే తీపిచ్చిండ్రు" అని ఆమె చెప్పింది. తడి పత్తి వచ్చిన రోజున గింజలు ఉండ కట్టి కాలువ నిండింది. మర ఆపలేదు. చేత్తో కెలకబోయింది. మన దగ్గర ఆడవాళ్లు పత్తి పనికి పోయేటప్పుడు చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుంటారు కదా, ఆ చొక్కా చెయ్యి మరకు చుట్టుకుంది. ఫిట్టరు పరుగెత్తుకొచ్చి స్విచ్ ఆపేలోపు కుడిచేతి నాలుగు వేళ్లు మొదళ్ల దాకా నలిగిపోయాయి. బొటనవేలు మిగిలింది గానీ బిగుసుకుపోయింది, వంగదు.

నా దగ్గరికి వచ్చేసరికి

ఉగాది వెళ్లాక వచ్చారు, ఆమె, ఆమె ఆడబిడ్డ. అప్పటికే మూడు పనులు జరిగిపోయాయి.

ఒకటి, మిల్లు గుమాస్తా ఆమెను ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లి "ఇంటి దగ్గర మిషన్లో చెయ్యి పడింది" అని రాయించాడు. మిల్లులో అని చెబితే మెడికో లీగల్ కేసు అవుతుంది, పోలీసులకు కబురు వెళ్తుంది. రెండు, పది రోజుల తర్వాత ఇంటికొచ్చి 60,000 రూపాయలిచ్చి ఒక బాండు పేపరు మీద వేలిముద్ర వేయించుకున్నాడు. "వైద్య ఖర్చుల నిమిత్తమూ, మానవతా దృక్పథంతోనూ ఇచ్చినాము, ఇకమీదట ఎట్టి క్లెయిమూ లేదు" అని అందులో ఉంది. మూడు, పింఛను కోసమని ఊళ్లో ఎవరో సదరం క్యాంపుకు తీసుకెళ్లారు. 54 శాతం వైకల్యమని సర్టిఫికెట్ వచ్చింది.

బాండు పేపరుకి నేను భయపడలేదు. సెక్షన్ 17 ప్రకారం హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఏ ఒప్పందమూ చెల్లదు. పైగా సెక్షన్ 8 ప్రకారం స్త్రీకి ఏకమొత్తంగా ఇచ్చే పరిహారం, ఈ కేసులు తేల్చే లేబర్ ఆఫీసు కమిషనర్ దగ్గర జమ చేయాల్సిందే, నేరుగా చేతిలో పెడితే పరిహారం ఇచ్చినట్టు లెక్క కాదు. నన్ను కంగారు పెట్టింది ఆసుపత్రి కాగితం.

తప్పిన దారి

ఇక్కడే పొరపాటు చేశాను. కరెంటు మీద నడిచే ఫ్యాక్టరీ, పదిమందికి పైగా మనుషులు, జీతం 21,000 లోపు. అంటే ఈఎస్‌ఐ, కార్మికుల ప్రభుత్వ బీమా, వర్తిస్తుందనుకున్నాను. ఈఎస్‌ఐ వర్తించే చోట ఈఎస్‌ఐ చట్టం సెక్షన్ 53 అడ్డు ఉంటుంది, పరిహార చట్టం కింద అడగకూడదు. యజమాని చందా కట్టకపోయినా, కార్మికుడిని నమోదు చేయకపోయినా ఆ అడ్డు పోదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. కాబట్టి తొందరపడి లేబర్ ఆఫీసులో వేస్తే కొట్టేస్తారని, ముందు ఈఎస్‌ఐ బ్రాంచికి దరఖాస్తు పెట్టించాను. మిల్లుకు కోడ్ నంబరే లేదు. ఉత్తరం మీద ఉత్తరం రాశాను. నాలుగు నెలలకు జవాబు వచ్చింది: ఇది సీజనల్ ఫ్యాక్టరీ, మా పరిధిలోకి రాదు.

అప్పుడు గానీ ఈఎస్‌ఐ చట్టం తెరిచి నిర్వచనం చదవలేదు. సెక్షన్ 2(19ఏ)లో సీజనల్ ఫ్యాక్టరీల పట్టీ పత్తి జిన్నింగ్‌తోనే మొదలవుతుంది, ఆ తర్వాత మాటే పత్తి ప్రెస్సింగ్. పత్తి జిల్లాలో ఇరవై ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తూ ఇది చూసుకోకపోవడం నాకు సిగ్గుగానే ఉంది. క్లయింటుకు ఆ మాటే చెప్పాను. "పోనీ సారూ, రెండేండ్ల గడువున్నదన్నరు గద" అంది. గడువు ఉంది కాబట్టి సరిపోయింది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఆ నిర్వచనంలో "కేవలం" ఈ పనులే చేసే ఫ్యాక్టరీ అని ఉంది, వాటికి అనుబంధమైన పనులూ కలుపుకోవచ్చు. అదే ఆవరణలో గింజల నుంచి నూనె తీసే ఎక్స్‌పెల్లర్లు ఉంటే వాదన మారిపోయేది. అందుకని సమాచార హక్కు కింద ఫ్యాక్టరీల శాఖ నుంచి లైసెన్సు నకలు తెప్పించాను. జిన్నింగ్, ప్రెస్సింగ్ అంతే. గింజలు బస్తాలకెత్తి బయటికి అమ్ముతారు.

నోటీసు, జవాబు

సెప్టెంబరులో యజమానికీ, మేస్త్రీకీ నోటీసులిచ్చాను. మేస్త్రీ ఒక్కడి మీద వేస్తే కాగితం మీద గెలిచి చేతిలో ఏమీ లేకుండా మిగులుతాం. సెక్షన్ 12 ప్రకారం కాంట్రాక్టరు మనిషికైనా అసలు యజమానే ఇవ్వాలి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం ఆయన ఇష్టం.

యజమాని జవాబు రెండు పేజీలు. ఆమె ఎవరో తెలియదు, మా మిల్లులో ఏ ప్రమాదమూ జరగలేదు, ఇంటి దగ్గర దెబ్బ తగిలించుకుని డబ్బు కోసం వేధిస్తోంది. చదివి ఒళ్లు మండింది. ఫైల్లో పడేశాను. ఆ రెండు పేజీల విలువ ఏడాది తర్వాత తెలిసింది.

నవంబరులో కేసు వేశాం. పనిచేసిందని ఎలా రుజువు చేయాలి? మేస్త్రీ వరసకు బంధువే, కానీ మిల్లుకు వ్యతిరేకంగా సంతకం పెట్టనన్నాడు. ఆయన్ను ఒత్తిడి చేయలేదు. బలవంతంగా తెచ్చిన సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్‌లో మునుగుతాడు, మనల్నీ ముంచుతాడు. కూలి ఎలా ఇచ్చేవాళ్లని అడిగితే, భర్త ఫోన్‌కు ఫోన్‌పే వచ్చేదంది. బ్యాంకు స్టేట్‌మెంటులో ఆరు ఆదివారాలు, ఆరుసార్లు 2,800, మేస్త్రీ ఖాతా నుంచి. ఒకే దెబ్బకు మేస్త్రీ దగ్గర పని చేసిందనీ, రోజు కూలి 400 అనీ తేలింది. ఆ పని ఈ మిల్లులోనే అని మాత్రం అది చెప్పదు.

దానికి ఆసుపత్రి ఫైలు మొత్తం నకలు అడిగాను. అందరూ డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకుంటారు. దాని వెనక ఆపరేషన్ నోట్స్ ఉంటాయి, సర్జన్ తన చేత్తో రాసుకునేవి. అందులో ఒక్క వరుస: గాయంలో దూది పోగులు, గ్రీజు, కడిగి తీసేశాం. ఇంట్లో ఏ మిషన్లో దూదీ గ్రీజూ కలిసి ఉంటాయి? ఆ వరుస చదివిన రోజు నాకు కేసు మీద నమ్మకం కుదిరింది. చొక్కా కూడా ఉంది. ఆడబిడ్డ పారేయకుండా సంచిలో కట్టి అటక మీద పెట్టింది. కుడి చెయ్యి భుజం దాకా చిరిగి, నూనె మరకలు ఎండి అట్టకట్టింది.

కదలని కేసును కదిలించింది

ఆరు నెలలు వాయిదాలే. యజమాని రాడు, వకీలు టైము అడుగుతాడు. మూడు నెలల్లో తేల్చాలని సెక్షన్ 25ఏ చెబుతుంది, వాయిదాల పుస్తకం వేరే చెబుతుంది. ఈ మొండితనం ఎందుకా అని ఆలోచించాను. ఒప్పుకుంటే సొంత జేబు నుంచి పది లక్షల పైన పోతాయి, అంతే. ఇన్సూరెన్సు ఉందేమో? ఉంటే ఎందుకు బయటపెట్టలేదు? ఆసుపత్రిలో తానే ఇంటి ప్రమాదమని రాయించాడు, నాకిచ్చిన జవాబులో ఆమె ఎవరో తెలియదన్నాడు. ఇప్పుడు ఇన్సూరెన్సు కంపెనీకి ఏ మొహంతో కబురు చేస్తాడు?

సెక్షన్ 23 కింద కమిషనర్‌కు సివిల్ కోర్టుకున్నట్టే పత్రాలు తెప్పించే అధికారం ఉంది. ప్రమాదం జరిగిన ఏడాది మిల్లు లాభనష్టాల ఖాతా దాఖలు చేయించమని పిటిషన్ వేశాను. వచ్చింది. ఖర్చుల్లో "ఇన్సూరెన్స్ ప్రీమియం, లేబర్" అని ఒక పద్దు. వెంటనే పాలసీ అడిగాం. ప్రమాదం నాటికి అమల్లో ఉన్న ఉద్యోగుల పరిహార పాలసీయే. కంపెనీని మూడో ప్రతివాదిగా చేర్చాం.

ఆ తర్వాతి వాయిదాకు యజమాని స్వయంగా వచ్చాడు. డబ్బు కంపెనీ కడుతుందని తెలిశాక, జరిగింది జరిగినట్టు ఒప్పుకుంటూ కొత్త కౌంటరు వేశాడు. మేస్త్రీ కూడా నోట్‌బుక్కు పట్టుకొచ్చాడు. మంచితనం మీద నేను చేసిన అప్పీళ్లు ఏవీ పనిచేయలేదు, జేబు ఎవరిదో మారగానే నోరు పెగిలింది. కేసు వేసే ముందే పాలసీ సంగతి వెతికి ఉంటే ఏడు నెలలు కలిసొచ్చేవి. ఇప్పుడు మొదటి నోటీసులోనే పాలసీ నకలు అడుగుతున్నాను, ఇవ్వకపోతే మొదటి వాయిదాకే పిటిషన్ వేస్తున్నాను.

కంపెనీ వకీలు గట్టివాడు. మూడు వాదనలు తెచ్చాడు.

మొదటిది, ఇద్దరూ కుమ్మక్కయ్యారు: నిన్నటి దాకా తెలియదన్న యజమాని ఇవాళ ఒప్పుకోవడమే రుజువు. ఇక్కడ పాత జవాబు బయటికి తీశాను. కుమ్మక్కే అయితే 2022లోనే ఒప్పుకుని కంపెనీకి కబురు చేసేవాడు కదా? పాలసీ దాచిపెట్టి మాతో ఏడాది కొట్లాడతాడా? దూది పోగుల వరుస అంతకన్నా పాతది, ప్రమాదం జరిగిన రాత్రిది.

రెండోది సెక్షన్ 53, ఈఎస్‌ఐ అడ్డు. నాలుగు నెలలు తిప్పించుకుని తెచ్చిన ఈఎస్‌ఐ ఉత్తరం, లైసెన్సు నకలు ముందు పెట్టాను. పది నిమిషాల్లో అయిపోయింది.

మూడోది నిర్లక్ష్యం: తిరిగే మరలో ఎవరైనా చెయ్యి పెడతారా, అంత వదులు చొక్కా వేసుకుని? ఈ చట్టంలో మామూలు నిర్లక్ష్యం యజమానికి డాలు కాదు. తాగి ఉండటం, భద్రతా ఆదేశాన్ని కావాలని ధిక్కరించడం, రక్షణ ఏర్పాటును కావాలని తీసేయడం, ఈ మూడే మినహాయింపులు. మూత తీయించింది ఆమె కాదు. పైగా అప్పటి ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 22(2) ప్రకారం కదిలే భాగాల వల్ల దెబ్బ తగిలే ప్రమాదం ఉన్నప్పుడు ఆడవాళ్ల చేత మిషన్ శుభ్రం చేయించడమే నిషేధం.

శాతం దగ్గర తడబాటు

అన్నిటికన్నా ఎక్కువ చర్చ జరిగింది శాతం మీద. ఇక్కడ నా రెండో పొరపాటు ఉంది. సదరం సర్టిఫికెట్ దాఖలు చేసి, డాక్టర్ను పిలవకుండా వైద్య సాక్ష్యం ముగించేశాను. కంపెనీ వకీలు లేచి, ఇది పింఛను కోసం ఇచ్చిన కాగితం, ఇచ్చిన డాక్టరు బోనెక్కలేదు, ఏ అవయవం పోతే ఎంత శాతమో చెప్పే చట్టంలోని షెడ్యూలు ప్రకారం నాలుగు వేళ్లకు 50 శాతమే, అన్నాడు. న్యాయంగా ఆయనదే సరైన మాట. సదరం కొలిచేది శరీరంలో లోపాన్ని. ఈ చట్టం అడిగేది సంపాదన శక్తి ఎంత పోయిందని. రెండూ ఒకటి కావు.

సాక్ష్యం మళ్లీ తెరవమని పిటిషన్ వేసి, ఆపరేషన్ చేసిన సర్జన్‌నే పిలిపించాను. రెండో సమన్లకు వచ్చాడు. దూది పోగుల వరుస తన చేతిరాతేనన్నాడు. ఇంటి ప్రమాదమన్నది వెంట వచ్చినవాళ్లు చెప్పిన మాటన్నాడు. బొటనవేలు రెండు కీళ్ల దగ్గరా బిగుసుకుందనీ, పట్టు అసలు లేదనీ చెప్పాడు. షెడ్యూలు కింద ఉన్న గమనిక ప్రకారం ఒక అవయవం పనికి పూర్తిగా, శాశ్వతంగా రాకపోతే అది పోయినట్టే లెక్క. అప్పుడు బొటనవేలు, నాలుగు వేళ్లు కలిపి 60 శాతం. కంపెనీ అక్కడికి దిగివచ్చి ఆగింది.

నేను అడిగింది నూరు. ఆధారం పాతదే, ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసు. వడ్రంగికి మోచేతి పైన ఎడమ చెయ్యి పోతే, షెడ్యూలు ఏమన్నా, ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి పూర్తి అశక్తతేనని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ప్రమాదం నాటికి చేయగలిగిన పనులన్నీ చేయలేకపోవడం అనే కొలతను మా క్లయింటుకు పెట్టాలి. నాట్లకు రెండు చేతులు కావాలి. కలుపుకు కావాలి. మరి పత్తి ఏరడం?

ఇక్కడ ఆగి ఆలోచించాల్సి వచ్చింది. ఆమె ఇంట్లో కూర్చోలేదు. 2023 సీజన్లో ఎడమ చేత్తో పత్తి ఏరడానికి పోయింది. ఏరిన కిలోల లెక్క మేస్త్రీ నోట్‌బుక్కులో ఉంది: అందరికీ రోజుకు నలభై అటూ ఇటూ, ఈమెకు తొమ్మిది, పది, ఎనిమిది. ఆ పేజీ చూపిస్తే నూరు శాతం పోతుంది. చూపించకపోతే? ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి, కంపెనీ ఇన్వెస్టిగేటరు ఒక్కరోజులో పట్టుకుంటాడు. అప్పుడు ఆమె అబద్ధమాడినట్టవుతుంది, మిగతా సాక్ష్యమంతా అనుమానంలో పడుతుంది. ఆమెతో మాట్లాడి పేజీ మేమే దాఖలు చేశాం. కమిషనర్ ఆ అంకెల మీదే చాలాసేపు నిలబడి, మునుపటి సంపాదనలో నాలుగో వంతు కూడా రావడం లేదని రాసి 80 శాతం ఖాయం చేశారు.

లెక్క

కంపెనీ నెలకు 26 రోజుల కూలి లెక్కేయమంది. అంటే 10,400. సెక్షన్ 5 ప్రకారం, నెల దాటి ఏడాది లోపు పనిచేసిన మనిషికి ఆ కాలంలో వచ్చిన కూలిని ముప్పైతో హెచ్చించి రోజులతో భాగించాలి. 42 రోజులకు 16,800 అంటే నెలకు 12,000. అందులో 60 శాతం 7,200. వయసును బట్టి గుణించాల్సిన అంకెలు చట్టంలో ఇంకో షెడ్యూల్లో ఉంటాయి, 35 ఏళ్లకు 197.06. గుణిస్తే 14,18,832, అందులో 80 శాతం 11,35,066.

వయసు మీదా గొడవే. ఆసుపత్రిలో ఎవరో అంచనాగా 40 అని రాశారు. ఆ అంకె వేస్తే 184.17, అంటే దాదాపు 74,000 తక్కువ. ఆధార్, ఓటరు కార్డు, పెద్ద పిల్ల బడి రికార్డు మూడూ పెట్టి 35 నిలబెట్టుకున్నాం. 2024 అక్టోబరులో, ఆధార్ పుట్టినతేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు చెప్పింది. మా ఉత్తర్వు అదే ఏడాది జూన్‌లోనే వచ్చేసింది కాబట్టి బతికిపోయాం. ఆధార్ ఒక్కదాన్ని నమ్ముకోకండి.

వడ్డీ 12 శాతం, ప్రమాదం తేదీ నుంచి. 2024 జులైలో కంపెనీ జమ చేసేనాటికి 31 నెలలు, మూడున్నర లక్షలు దాటింది. గుమాస్తా ఇచ్చిన 60,000 మినహాయించమని కంపెనీ అడిగింది. "వైద్య ఖర్చులు, మానవతా దృక్పథం" అని గుమాస్తా రాసిన మాటలే అడ్డుపడ్డాయి. వైద్యానికిచ్చింది పరిహారంలో లెక్కకు రాదు. ఒక్క రూపాయీ తగ్గలేదు.

మిగిలింది జరిమానా. సమయానికి కట్టనందుకు సెక్షన్ 4ఏ కింద యాభై శాతం దాకా వేయొచ్చు, అది కంపెనీ మీద కాదు, యజమాని సొంతంగా భరించాలి. అడుగుదామన్నాను. నాకు ఆ రెండు పేజీల జవాబు మీద ఇంకా కోపం ఉంది. ఆమె ఒప్పుకోలేదు. "మా ఆడబిడ్డ ఆ మిల్లులనే పనికి పోతది సారూ" అంది. కోపం నాది, కేసు ఆమెది. మేం అడగలేదు, కమిషనర్ నోటీసు ఇవ్వలేదు.

డబ్బులో కొంత ఆమె పేర డిపాజిట్ చేయించి, మిగతాది ఖాతాలో వేశారు. ఆ చలికాలం ఆడబిడ్డ ఏదో కాగితం పని మీద ఆఫీసుకు వచ్చింది. మిల్లులో మూత పెట్టారా అని అడిగాను. పెట్టారట. బోల్టులు బిగించలేదు, బైండింగ్ వైరుతో కట్టారు, గింజలు అడ్డం పడ్డప్పుడు తొందరగా విప్పడానికి.